ముప్ఫై ఒకటో భయం

పుస్తకం తెరిచానో లేదో తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా మూడు. పక్క గదిలో పాప కదిలిన చప్పుడు విని చున్నీ మూతికి అడ్డం పెట్టుకున్నాను. ఆకుపచ్చ అట్ట ఉన్న మామూలు నోటు పుస్తకం అది. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఏళ్ళ తరబడి బల్ల మీద పడి ఉండటంతో కాగితాల సందుల్లోకి ఎర్రటి దుమ్ము చేరింది. ఇన్నాళ్ళయినా ఘాటు తగ్గలేదు. ఆ ఘాటు తగలగానే కోటేశ్వరరావు గారు ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "ఊఁ, ఇంకేం భయాలున్నాయమ్మా? బయటపెట్టు" అంటున్నట్టే ఉంది.

రేపు పొద్దున నాకు పెద్ద పని ఉంది. మా కంపెనీ ఈ మధ్యనే రెండు పత్తి జిన్నింగు మిల్లులు కొన్నది. అక్కడి కంప్యూటర్లన్నిటికీ గుంటూరు నుంచి, నా కుర్చీలోంచి, ఒకేసారి కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేర్ వెయ్యాలి. ఉత్సాహంతో నిద్ర పట్టడం లేదు. భయంతో కూడా. నాతో పనిచేసే భార్గవి ఈ సాయంత్రం తన భయాలన్నీ ఈ పుస్తకంలో రాసి ఇచ్చి వెళ్ళింది. ప్రతి దాని పక్కనా జవాబు రాశాను. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది. అది నింపే ముందు, ఆయన్ని ఎప్పుడూ చూడని మీకు ఆయన గురించి చెప్పాలనిపించింది.

కోటేశ్వరరావు గారు మా కంప్యూటర్ విభాగానికి పెద్ద. విభాగం అంటే ఆయనా, నేనూ, ఏసీ ఉన్న ఒక చిన్న గదీ. మాది మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీల్లో దాచి, ఎగుమతి చేసే కంపెనీ. గుంటూరులో హెడ్డాఫీసు, చిలకలూరిపేట మొదలుకొని కనిగిరి దాకా తొమ్మిది బ్రాంచీలు, అన్నీ కలిపి నూట డెబ్బై నాలుగు కంప్యూటర్లు. ఆయన ఇంజనీరింగ్ చదవలేదు. కుర్రతనంలో యార్డులో మచ్చు చూసే పనికి కుదిరారు. మిర్చి బస్తాను మా వైపు టిక్కీ అంటారు. టిక్కీ కోసి, చెయ్యి లోపలికి పోనిచ్చి, పిడికెడు కాయ తీసి, రంగూ తేమా చూసి, ఒక కాయ విరిచి గింజ చూసి, సరుకు ఎలాంటిదో చెప్పడం ఆ పని. కంపెనీకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడితే, "మిరపకాయ కన్నా మండుతుందా ఏంటి?" అని కూర్చున్నారట. ఆ కూర్చోవడం ముప్ఫై ఏళ్ళు కూర్చున్నారు.

పాప పుట్టాక సెలవు ముగించుకుని నేను తిరిగి చేరిన వారానికే మా ఎం.డి. గారు ఇద్దరినీ పిలిచారు. అప్పట్లో మా కంప్యూటర్లలో ఒక్కోదానిలో ఒక్కో కాలం నాటి ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఉండేది. కనిగిరిలో తయారైన పట్టిక గుంటూరులో తెరిస్తే గళ్ళు చెదిరిపోయేవి. "విజయవాడ నుంచి ఒక కంపెనీ వాళ్ళు వస్తామంటున్నారండి. బ్రాంచి బ్రాంచికీ మనిషిని పంపి, పెన్ డ్రైవ్‌తో అన్నిటికీ ఒకటే వేస్తారట. రోజువారీ పని కూడా వాళ్ళకే ఇచ్చేద్దాం. ప్రసన్న కూడా చంటిపిల్లతో అవస్థ పడుతోంది కదా" అన్నారు. ఆయన దయగానే అన్నారు. నా ఉద్యోగం పోతోందని ఒకరు అంత మెత్తగా చెప్పగా వినడం అదే మొదటిసారి.

"అక్కర్లేదండి" అన్నారు కోటేశ్వరరావు గారు. "మా ప్రసన్న కుర్చీలోంచి లేవకుండా వేస్తుంది."

"ఎట్లాగండీ?"

"పాలసీ అని ఒకటుందండి. ఇక్కడ ఒక్క చోట నియమం రాసి పెడితే, కంప్యూటర్ పొద్దున్నే తెరుచుకునేటప్పుడు దాన్ని చదువుకుని, తనకి కావలసింది తనే తెచ్చుకుని వేసుకుంటుంది. మనిషి వెళ్ళే పనే లేదు."

ఎం.డి. గారు నా మొహంలోకి చూశారు. "సరే, దసరా దాటకుండా అయిపోవాలి. ఒక్క పూట కూడా లారీల లోడింగ్ ఆగకూడదు. ఆగిందా, ఇక విజయవాడ వాళ్ళే."

బయటికి రాగానే ఆయనతో అన్నాను. "సార్, నాకు చాలా భయంగా ఉంది."

"ఎన్ని?"

"ఏంటి సార్?"

"భయాలమ్మా. ఎన్ని ఉన్నాయి? చాలా అంటే ఎవరికి తెలుస్తుంది?" అని సొరుగులోంచి ఈ పుస్తకం తీశారు. పేజీ మధ్యలో స్కేలుతో నిలువు గీత కొట్టారు. ఎడమ పక్కన 'భయం' అనీ, కుడి పక్కన 'ఏం చేద్దాం' అనీ రాశారు. "ఇంటికెళ్ళి ఎడమ పక్క నింపుకురా. ఒక్కటి కూడా దాచకు. కుడి పక్క ఇద్దరం నింపుదాం. కుడి గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా పని మొదలుపెట్టం."

చిన్నప్పటి నుంచీ నేను భయస్థురాలిని. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి లాగి చూసే మనిషిని. పాప పుట్టాక అది పదింతలయింది. ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఇంట్లోవాళ్ళందరూ "ఊరికే భయపడకు" అన్నవాళ్ళే. భయాన్ని రాసి పట్టుకురమ్మన్న మనిషి ఈయనొక్కరే. ఆ రాత్రి పాపని ఒళ్ళో వేసుకుని రాస్తుంటే చెయ్యి ఆగలేదు. పాత సాఫ్ట్‌వేర్ పోయి కొత్తది ఎక్కకపోతే? తొమ్మిదోది, మధ్యలో కరెంటు పోతే? పద్నాలుగోది, అసలు ఎవరూ కంప్యూటర్ ఆపకపోతే? మా వాళ్ళు మానిటర్ ఒక్కటీ ఆపి ఇంటికి పోతారు. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైతేనే కదా నియమం చదువుకునేది. అలా ముప్ఫై అయ్యాయి. కాసేపు ఆగి, సిగ్గుపడుతూనే, చివర ముప్ఫై ఒకటోది రాశాను: 'సరిగ్గా ఆ సమయానికే పాప ఏడిస్తే, నేను వెళ్ళిపోవలసి వస్తే?'

మర్నాడు ఆయన పుస్తకమంతా చదివారు. నవ్వలేదు. చివరి దాని పక్కన మాత్రం నన్నేమీ అడగకుండా తనే పెన్ను తీసి రెండు మాటలు రాశారు: 'వెళ్ళు. నేనున్నాను.' అది చదివి నేను తల ఎత్తేలోపే, "పద, మచ్చు చూద్దాం" అంటూ లేచారు.

ముందుగా ఐదు కంప్యూటర్ల మీద పరీక్షించాలి. నేను కొత్తవీ మంచివీ ఎంచుకుని జాబితా ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పై కాయ ఎప్పుడూ బాగానే ఉంటుందమ్మాయ్. అమ్మేవాడు ఎర్రకాయ పైన పోసి తాలు అడుగున పెడతాడు. అడుక్కి చెయ్యి పోనియ్యి." తాలు అంటే రంగు పోయి తెల్లబడిన పనికిరాని కాయ. కంప్యూటర్లలో తాలు వెతుక్కుంటూ వెళ్ళి, బస్తాలు తూచే కాటా గదిలో ఫ్యాను నిండా మిర్చి దుమ్ము పట్టినదీ, గోడౌన్‌లో కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయినదీ, అలాంటివే ఐదు పట్టుకున్నాను. వాటన్నిటినీ ఒక గుంపుగా చేసి 'మచ్చు' అని పేరు పెట్టాను. ఆ గుంపుకి నియమం తగిలించి, ఐదూ ఆపి, మళ్ళీ ఆన్ చేయించాను. ఏమీ జరగలేదు. మళ్ళీ పెట్టించాను. ఒక్కటీ కదల్లేదు. నేనే వెళ్ళి చేత్తో నడిపిస్తే మాత్రం చక్కగా ఎక్కుతోంది! సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫోల్డరు చదవడానికి కంపెనీలో ప్రతి ఉద్యోగికీ అనుమతి ఇచ్చే ఉంచాను. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు ఆయన టీ తాగుతూ అడిగారు.

"పొద్దున్నే ముందు కంప్యూటర్ లేస్తుందా, మనిషి పేరు కొట్టి లోపలికొస్తాడా?"

"కంప్యూటరే లేస్తుంది సార్."

"మన నియమం నడిచేది ఎప్పుడు?"

"మనిషి రాకముందే."

"మరి తలుపు ఎవరికి తీశావు?"

మనుషులందరికీ అనుమతి ఇచ్చాను, కంప్యూటర్లకి ఇవ్వలేదు! తెల్లవారి లేచిన యంత్రం తన పేరు మీద తాను వచ్చి తలుపు తడుతుంటే, నీ పేరు జాబితాలో లేదు పొమ్మంటోంది ఫోల్డరు. నేను చేత్తో నడిపితే నా పేరు మీద తెరుచుకుంటోంది. పరుగెత్తుకెళ్ళి కంప్యూటర్ల గుంపుకి కూడా అనుమతి ఇచ్చి, ఐదూ మళ్ళీ ఆన్ చేయించాను. పావుగంటలో ఐదింటిలో నాలుగు, ఇరవై నిమిషాలకి కాటా గదిదీ, పని పూర్తయిందని తమ పేర్లు తామే నా చిట్టాలో రాసుకున్నాయి. పనయ్యాక ప్రతి కంప్యూటరూ తన పేరు అందులో రాసేలా నియమంలోనే పెట్టాను. ఐదో పేరు పడగానే నేను అరిచిన అరుపుకి అటెండరు పరుగెత్తుకొచ్చింది.

అక్కడి నుంచి ఆ పుస్తకం మాకు ఆటయిపోయింది. తొమ్మిదో భయం కోసం ఆయన సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్న కంప్యూటర్ ప్లగ్గు చేత్తో పీకేశారు. మళ్ళీ పెడితే అది సగంలో చతికిలపడింది. దాంతో, ఎక్కడం పూర్తయిందో లేదో ముందు చూసుకుని, కాకపోతే మొదటి నుంచీ శుభ్రంగా మొదలుపెట్టేలా నియమం మార్చాను. ఆయన మళ్ళీ పీకారు. మళ్ళీ. మూడుసార్లూ అది లేచి తన పని తను చేసుకున్నాక గానీ కుడి గడిలో టిక్కు పెట్టలేదు. పద్నాలుగో భయానికి జవాబు నాకే తట్టింది. ఏడాది పొడుగునా ఆపని కంప్యూటర్లన్నిటినీ మా వాళ్ళు ఒక్కరోజు తప్పకుండా ఆపుతారు. ఆయుధపూజకి! ముందురోజు సాయంత్రం తుడిచి, ఆపి, మర్నాడు పసుపూ కుంకుమా పెట్టి, ముహూర్తానికి మళ్ళీ ఆన్ చేస్తారు. అటువంటి పండగ పూట లోడింగూ ఉండదు. ఆ మాట చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నియమం రాసింది నువ్వూ, అమలు చేసేది అమ్మవారూనా! రాయి, రాయి."

బ్రాంచీల ఇంటర్నెట్ లైన్లు సన్నవి. అంత సరుకు గుంటూరు నుంచి లాగలేవు. అందుకని బ్రాంచికొక హార్డ్ డిస్కు ముందే చేర్చి, ఎవరి సాఫ్ట్‌వేర్ వారి ఊళ్ళోనే దొరికేలా పెట్టాం. కనిగిరికి కంపెనీ జీపులో వెళ్ళాం. పాపని వదిలి అంత దూరం రాలేనంటే, "ఎందుకు వదలటం? మీ అమ్మగారినీ తీసుకురా" అన్నారు. కనిగిరి ఆఫీసులో సర్వర్ ఉన్న మూల ఒక్కటే చల్లగా ఉంటే, పాప ఆ ఫ్యాన్ల రొదకి రెండు గంటలు హాయిగా నిద్రపోయింది. "మీ పాపకి మన ఉద్యోగమే" అన్నారాయన, డిస్కు తగిలిస్తూ.

ఆయుధపూజ రోజు రానే వచ్చింది. పురోహితుడు తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం పెట్టారు. హెడ్డాఫీసు హాలులో ప్రతి కంప్యూటర్‌కీ బొట్టు, పైన ఒక బంతిపువ్వు. అకౌంట్స్ పెద్ద శేషయ్య గారు పట్టుపంచె కట్టుకుని హారతి ఇచ్చి, తన కంప్యూటర్ బటన్ నొక్కారు. ఆయన వెనక హాలంతా నొక్కారు. అన్ని స్క్రీన్ల మీదా ఒకటే మాట, కాసేపు ఆగండి అని. చుక్కలు తిరుగుతున్నాయి. నిమిషం, రెండు, ఐదు. నాకు లోపల పండగలా ఉంది. అవి తలుపు తట్టి, లోపలికొచ్చి, సరుకు తీసుకుంటున్నాయి! కానీ శేషయ్య గారి మొహం నల్లబడింది.

"ఏందమ్మాయ్ ఇది, తిరగటమే గానీ తెరుచుకోదే! అవతల ముహూర్తం పోతుంది! బొట్టు పెట్టంగానే ఆగిపోయిందంటే ఏడాదంతా ఏం కావాలి?"

"బాబాయ్ గారూ, లోపల పని జరుగుతోందండి, ముట్టుకోకండి" అంటున్నాను. ఆయన వినలేదు. "ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే అదే దార్లోకొస్తుంది" అని గోడ మీద హాలు మెయిన్ స్విచ్ కిందకి లాగేశారు. నలభై కంప్యూటర్లు ఒక్క దెబ్బకి చీకటయ్యాయి.

కోటేశ్వరరావు గారు మెల్లగా నా పక్కకి వచ్చారు. "ఈ భయం పుస్తకంలో లేదే?"

"అనుకున్నాను సార్. రాయడానికి సిగ్గేసింది. ఇది కంప్యూటర్ భయం కాదు కదా అని."

"కంప్యూటర్‌కి భయమేంటమ్మా? అన్నీ మనుషుల భయాలే. సరే, తొమ్మిదోది ఉందిగా, నీకేం?" అని, హాలు వైపు తిరిగి గొంతు పెంచారు. "శేషయ్యా! పెదకాకాని గుళ్ళో స్వామికి అలంకారం చేసేటప్పుడు తెర వేస్తారా లేదా?"

"వేస్తారు. అయితే ఏంది?"

"తెర వేసినప్పుడు నువ్వెళ్ళి లాగుతావా?"

"అపచారం! ఎందుకు లాగుతా?"

"ఇప్పుడు ఇక్కడా తెర వేశారు. లోపల అలంకారం అవుతోంది. పూజ ముహూర్తానికే అయింది, నువ్వే చేశావు. తెర తీసేదాకా నువ్వు కుర్చీలో కూర్చుని పులిహోర తిను."

హాలంతా గొల్లుమంది. శేషయ్య గారు కూడా నవ్వాపుకోలేక, తనే వెళ్ళి స్విచ్ పైకెత్తారు. నలభై కంప్యూటర్లూ మళ్ళీ లేచాయి. "ఆ మాటే బ్రాంచీలకి నువ్వు చెప్పు" అని కోటేశ్వరరావు గారు ఫోను నా చేతిలో పెట్టారు. తొమ్మిది ఊళ్ళకీ నేనే చేశాను. "తెర వేశారండి, అలంకారం అవుతోంది, ముట్టుకోకండి." ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. కనిగిరి ఆయన అయితే, "చెప్పులు విప్పి కూర్చున్నాం మేడం" అన్నారు.

ఆఖరి ఫోను పెట్టగానే అమ్మ ఫోను చేసింది. పాప సీసా పట్టడం లేదట, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందట. చిట్టాలో అప్పటికి పన్నెండు పేర్లే పడ్డాయి. ఫోను పట్టుకుని ఆయన వైపు చూశాను. కోటేశ్వరరావు గారు స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నారు. "ముప్ఫై ఒకటి చూసుకో అమ్మా."

వెళ్ళాను. ఆటోలో పది నిమిషాల దూరం. పాపని ఒళ్ళోకి తీసుకుని పాలు పడుతుండగా ఫోను మోగింది. స్పీకర్ పెట్టాను. "నలభై ఒకటి... చిలకలూరిపేట మొదలైంది... యాభై ఆరు..." యార్డులో టిక్కీలు లెక్కపెట్టినట్టు, రాగం తీస్తూ చదువుతున్నారాయన. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. తొంభై. నూట ఇరవై. పాప పాలు తాగుతూ ఫోను వైపు కళ్ళు తిప్పింది. "కనిగిరి పూర్తి! నూట అరవై ఎనిమిది!" నాకు కళ్ళ వెంట నీళ్ళు, పెదవుల మీద నవ్వు. నూట డెబ్బై మూడు దగ్గర ఆగింది. ఐదు నిమిషాలయింది, పది అయింది. ఒకటి రావడం లేదు.

"ఏది దాక్కుందో దొరకటం లేదమ్మా. అన్ని బ్రాంచీలూ అయిపోయాయి. ఇక్కడ హాలు కూడా అయిపోయింది."

నేను ఒక్కొక్క గదీ కళ్ళ ముందుకి తెచ్చుకున్నాను. ఏ గదిలో ఎవరు ఆన్ చేశారు, ఎవరు బొట్టు పెట్టారు. ఒక్కసారిగా తట్టింది. "సార్, ఈ లెక్క మీరు ఎందులో చూస్తున్నారు?"

అవతల ఆయన నవ్వడం మొదలుపెట్టారు. లెక్క చూడటం కోసమని తన కంప్యూటర్‌ని మాత్రం ముందురోజు ఆపలేదు ఆయన. దానికి బొట్టూ లేదు, పువ్వూ లేదు. "తాలు కాయ నా దగ్గరే ఉందన్నమాట" అంటూ దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేశారు. పావుగంటకి ఆయన పేరే చిట్టాలో ఆఖరి పేరుగా పడింది.

విజయవాడ వాళ్ళు రాలేదు. నేను ఉండిపోయాను. ఇప్పటికీ మా కంపెనీలో ఏ కంప్యూటర్ ఆగమన్నా 'తెర వేశారు' అని లేచి టీకి వెళ్తారు. కోటేశ్వరరావు గారు పోయిన వేసవిలో గుండె ఆగి పోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నా భయాలు ఏమీ తగ్గలేదు. పాపకి జ్వరం వచ్చినా, స్కూలు బస్సు ఆలస్యమైనా ముందు కాగితం తీసి మధ్యలో గీత కొడతాను. కుడి పక్క నింపాక లేచి పనిలో పడతాను.

భార్గవి రాసిన భయాలు ఇరవై రెండు. పిల్ల తెలివైనది, నాకు తట్టనివి కూడా రాసింది. జిన్నింగు మిల్లులో పత్తి నూగు ఫ్యానుకి అడ్డం పడితే? అక్కడి వాళ్ళకి తెర సంగతి తెలియకపోతే? అన్నిటికీ జవాబులు రాశాను. ఆఖరిది మాత్రం చాలా చిన్న అక్షరాలతో, కొట్టేసి మళ్ళీ రాసింది. 'అమ్మకి బాగోలేదని ఆస్పత్రి నుంచి మధ్యలో ఫోను వస్తే?'

పేజీలు వెనక్కి తిప్పి ఆయన చేతిరాత ఒకసారి చూసుకున్నాను. మళ్ళీ తుమ్ము వచ్చింది. ముందుకి తిప్పి, ఖాళీగా ఉన్న గడిలో ఆ రెండు మాటలే రాశాను. వెళ్ళు. నేనున్నాను.

ఇక కుడి పక్కన ఖాళీ గడి లేదు. రేపు పని మొదలుపెట్టవచ్చు.